తల్లి చదువుకు పద్దు రాయించిన దుర్గాబాయి

1930 నుంచి 1933 లోపల మూడుసార్లు చెరసాలకు వెళ్లిన దుర్గాబాయికి రాయవేలూరు, మధుర జైళ్లలో తోటి సత్యాగ్రహులే కాక మరొక తరహా స్త్రీలు కూడా కనిపించారు. వారు హత్య, దొంగతనం వంటి నేరాల కింద శిక్షపడినవారు. తమ కేసులో ఏమి జరిగిందో చెప్పలేనివారు, తమ పక్షాన మాట్లాడే వకీలు లేనివారు, చేయని తప్పుకు లోపల కూర్చున్నవారు వారిలో ఉన్నారు. దాదాపు అందరూ అక్షరం రానివారే. ఆ స్త్రీల కథలు విన్న తరువాతనే తాను న్యాయశాస్త్రం చదవాలని ఆమె నిశ్చయించుకున్నారు. అప్పటికి ఆమె మెట్రిక్యులేషన్ పరీక్ష కూడా ప్యాసు కాలేదు. ఇరవై నాలుగేళ్ల వయస్సులో, చిన్నపిల్లలు చదివే చదువు దగ్గర మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. ఈ ఒక్క సంగతిని మనసులో ఉంచుకుంటే, తరువాత ఆమె ప్రభుత్వంలో కూర్చుని చేసిన పనుల మూలం ఎక్కడున్నదో తెలుస్తుంది.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. తండ్రి బెన్నూరి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ఎనిమిదవ యేట బంధువుల కుటుంబంలోని సుబ్బారావుతో వివాహం జరిగింది. ఆ రోజుల్లో అది వింత కాదు. వింత ఏమిటంటే, పదిహేనేళ్లు వచ్చాక ఆమె కాపురానికి వెళ్లనని చెప్పడం, తండ్రీ సోదరుడూ ఆ మాటకు అడ్డురాకపోవడం. సుబ్బారావు తరువాత మరొకరిని వివాహమాడారు. ఆయన మరణించిన పిమ్మట ఆ రెండవ భార్యను అయినవారు సరిగా చూడలేదు. అప్పుడు ఆమెకు నీడనిచ్చి, చేతిపనిలో శిక్షణ ఇప్పించి, తన కాళ్లపై నిలబెట్టినది దుర్గాబాయే. సవతి అన్న పదానికి మన కథల్లో ఉన్న అర్థం వేరు.

బడిలో ఇంగ్లీషు మాధ్యమాన్ని రుద్దడం నచ్చక ఆమె పసితనంలోనే చదువు మానివేశారు. అయినా ఊరుకోలేదు. తాను నేర్చిన హిందీని ఆడపిల్లలకు, గృహిణులకు చెప్పడానికి చిన్న పాఠశాల పెట్టారు. చదువు చెప్పే పంతులమ్మకే ఇంకా ఆటలాడుకునే వయస్సు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలు, ఘోషా స్త్రీలు ఆయనను చూడాలని ఆమె పట్టుపట్టారు. ఐదు వేల రూపాయల నిధి ఇస్తే సమయం దొరుకుతుందని పెద్దలు షరతు పెట్టారు. ఆ స్త్రీలే ఆ సొమ్ము పోగుచేశారు. సభ జరిగింది. గాంధీజీ మాటలను పన్నెండేళ్ల దుర్గాబాయి తెలుగులో చెప్పారు. 1923 కాకినాడ కాంగ్రెసు ప్రదర్శనలో టిక్కెట్టు లేదని నెహ్రూను నిలిపివేసిన కథ అందరికీ తెలిసినదే కనుక ఇక్కడ విస్తరించనక్కరలేదు. డబ్బు కూడగట్టనిదే ఆడవారికి సభాప్రవేశం కూడా దొరకదన్న అనుభవం మాత్రం ఆమెకు అంత చిన్నతనంలోనే కలిగింది.

జైలు నుంచి వచ్చాక ఆమె ఎంచుకున్నది కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్. బడి మెట్లెక్కని వయోజన స్త్రీ సొంతంగా చదువుకుని రాయగలిగిన పరీక్ష అది. ప్యాసయ్యారు. ఇంటర్మీడియట్ కూడా అక్కడినుంచే. తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదవబోతే, ఆడవారికి వసతిగృహం లేదు గనుక చేర్చుకోవడం కష్టమన్నారు. ఆమె తనవలె చదువుకోదలచిన యువతులను పత్రికా ప్రకటన ద్వారా పిలిచి, వారితో కలిసి వసతి ఏర్పాటు చేసుకున్నారు. అటుపిమ్మట మదరాసులో న్యాయశాస్త్రం. 1942లో పట్టా పుచ్చుకుని మదరాసు హైకోర్టులో వకీలు అయ్యారు.

ఈ చదువు నడుస్తుండగానే 1937లో మదరాసు మైలాపూరులో చిన్న బృందమొకటి మొదలైంది. తొలుత అది పిల్లల ఆటపాటల సంఘం. కొద్దికాలంలోనే దాని నుంచి ఆంధ్ర మహిళా సభ రూపుదిద్దుకున్నది. చదువు మధ్యలో ఆగిన స్త్రీలు, భర్త పోయినవారు, భర్త వదిలినవారు అక్కడికి రాసాగారు. దుర్గాబాయి తాను ఏ దారిన వచ్చారో ఆ దారినే వారిని నడిపించారు. పదేళ్ల బడి చదువును కొద్దికాలానికి కుదించి చెప్పి కాశీ మెట్రిక్యులేషన్‌కు కూర్చోబెట్టారు. ఇరవై అయిదేళ్ల వితంతువును పదేళ్ల పిల్లల పక్కన బల్లమీద కూర్చోమంటే కూర్చోదు. ఆమె సిగ్గును గౌరవించి, ఆమె తీరికను లెక్కించి, ఆమెకు కావలసినంత వేగంగా చెప్పాలి. ఈ పద్ధతి ఒక మైలాపూరు ఇంట్లో పుట్టి, ఇరవై ఏళ్ల తరువాత భారత ప్రభుత్వ పథకమైంది.

1946లో ఆమె మదరాసు నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. ఆ సభలో ఉన్న మహిళలు పదిహేనుమంది. సభాధ్యక్షుల జాబితాలో చోటు దక్కిన స్త్రీ ఆమె ఒక్కరే. సవరణలు ప్రతిపాదించడంలో ఆమె వెనుకాడలేదు. రాజ్యసభ సభ్యత్వానికి వయస్సు ముప్పయ్ అయిదు అక్కరలేదు, ముప్పయ్ చాలునని ఆమె తెచ్చిన సవరణను సభ ఆమోదించింది. చిన్నప్పుడు హిందీ బడి పెట్టిన ఆమె, దక్షిణాదిలో హిందీని బలవంతంగా ప్రచారం చేసే తీరును అదే సభలో ఆక్షేపించడం గమనించదగినది. భాష నేర్పడం వేరు, రుద్దడం వేరు.

ఆ రాజ్యాంగంలోని 45వ అధికరణం పదేళ్లలోగా పద్నాలుగేళ్ల వయస్సు వరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలన్నది. వినడానికి గొప్ప మాట. అయితే అది ఆదేశిక సూత్రం. అమలు చేయమని ఏ తల్లీ కోర్టుకు వెళ్లలేదు. పైగా అందులో పిల్లలున్నారు గాని ఆ పిల్లల తల్లులు లేరు. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదవను రాయను వచ్చిన స్త్రీలు నూటికి 8.86 మంది. పురుషుల్లో ఆ సంఖ్య 27.16. అంటే, బడికి పంపవలసిన తల్లులలో పదింట తొమ్మిదిమందికి బడి అంటే ఏమిటో సొంత అనుభవం లేదు. చట్టం లేనిచోట ప్రణాళిక పద్దు పట్టుకోవడం తప్ప మరో మార్గం లేదు. దుర్గాబాయి ఆ మార్గమే పట్టారు.

1952 సాధారణ ఎన్నికల్లో ఆమె ఓడిపోయారు. పార్లమెంటు తలుపు మూసుకున్న ఆ యేడే నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. సాంఘిక సేవల శాఖ ఆమె వంతు వచ్చింది. రోడ్లు, ఆనకట్టలు, ఎరువుల కర్మాగారాల అంకెలతో నిండిన మొదటి పంచవర్ష ప్రణాళికలో, స్త్రీల కోసం, పిల్లల కోసం, వికలాంగుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు సాయంగా నాలుగు కోట్ల రూపాయలు కేటాయించారు. మొత్తం ప్రణాళికతో పోలిస్తే అది పెద్ద మొత్తం కాదు. కాని అటువంటి పద్దు కేంద్ర ప్రభుత్వ లెక్కల్లోకి రావడం అదే మొదలు.

1953 జనవరి 22న ఆమె నాటి ఆర్థికమంత్రి చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. మహారాష్ట్రలోని కొలాబా జిల్లా వాసి ఆయన. నెహ్రూ సాక్షిగా సంతకం చేశారు. ఆర్థికమంత్రి భార్య గనుక ఆమె పథకాలకు నిధులు దొరికాయని అనుకోవడం తేలిక. తేదీలు చూస్తే ఆ మాట నిలవదు. నాలుగు కోట్ల కేటాయింపు ఉన్న ప్రణాళిక 1952 డిసెంబరులోనే పార్లమెంటు ముందుకు వచ్చింది.

ఆ సొమ్మును పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దుర్గాబాయి తొలి అధ్యక్షురాలు. సర్కారు కచేరీల ద్వారా కాక, అప్పటికే ఊళ్లలో పనిచేస్తున్న మహిళా మండళ్లు, అనాథ శరణాలయాలు, బాలవాడీల చేతికి గ్రాంటు ఇవ్వడం దాని పద్ధతి. మదరాసులో చందాలు పోగుచేసి సభ నడిపిన అనుభవం ఆమెకు ఉన్నది. ఒక చిన్న సంస్థకు నెలాఖరున పంతులమ్మ జీతం ఇవ్వడం ఎంత కష్టమో ఢిల్లీలోని ఉద్యోగులకంటే ఆమెకు బాగా తెలుసు.

ఈ పద్ధతిలో ఒక లోపం కూడా ఉన్నది, దాచనక్కరలేదు. గ్రాంటు కావాలంటే రిజిస్టరైన సంఘం ఉండాలి, అర్జీ రాసేవారుండాలి, లెక్కలు చూపాలి. అటువంటి సంఘాలు పట్నాల్లోనే ఎక్కువ. నిజంగా అక్షరం అవసరమైన పల్లెలో అర్జీ రాయగల స్త్రీయే ఉండదు. సాయం ఉన్నవారికే చేరి, లేనివారు లేనట్టే ఉండిపోయే ప్రమాదం ఇది. బోర్డుకు ఇది త్వరలోనే అర్థమైంది. 1954 ఆగస్టు 15న గ్రామీణ సంక్షేమ విస్తరణ పథకాలు మొదలయ్యాయి. సుమారు ఇరవై అయిదు గ్రామాలను ఒక క్షేత్రంగా తీసుకుని, గ్రామసేవికను, మంత్రసానిని, చేతిపని నేర్పే ఉపాధ్యాయినిని నియమించారు. పగలు పిల్లలకు బాలవాడి, ప్రసూతి సాయం, తీరిక వేళ ఆడవారికి కుట్టుపని, అక్షరాలు. పిల్లవాడు, తల్లి ఒకే గడప దగ్గర చదువుకునే ఏర్పాటు ఇది. కుటుంబ అక్షరాస్యత అన్న మాట అప్పటికి ఎవరూ వాడడం లేదు గాని, పని మాత్రం అదే. 1957 నుంచి ఈ పథకాలను సమాజ వికాస క్షేత్రాలతో జోడించారు.

అక్కడే కొత్త చిక్కు వచ్చిపడింది. వేల సంఖ్యలో గ్రామసేవికలు, ఉపాధ్యాయినులు, నర్సులు కావాలి. పల్లెలో ఉండగలిగేది పల్లె స్త్రీయే. కాని ఉద్యోగానికి కావలసిన పరీక్ష ప్యాసైన స్త్రీ పల్లెలో లేదు. పట్నం నుంచి వచ్చిన చదువుకున్న అమ్మాయికి ఊళ్లో ఇల్లు దొరకదు, భద్రత ఉండదు, నెల తిరక్కుండానే వెళ్లిపోతుంది. దీనికి దుర్గాబాయి దగ్గర మైలాపూరు మందు సిద్ధంగా ఉన్నది. 1958లో బోర్డు వయోజన స్త్రీలకు కండెన్స్‌డ్ కోర్సులు ప్రారంభించింది. చిన్నప్పుడు కొంత చదివి మానినవారిని, కుటుంబ భారం మీద పడినవారిని చేర్చుకుని, దాదాపు రెండేళ్లలో మిడిల్ స్కూలు లేదా మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేయడం దాని ఉద్దేశం. నడిపే సంస్థకు బోర్డు గ్రాంటు ఇచ్చేది. ఆ కోర్సుల నుంచి బయటికి వచ్చిన స్త్రీలు అనేకులు తరువాత పంతులమ్మలు, గ్రామసేవికలు, నర్సులు అయ్యారు. చదువు మానిన పిల్లను ఇక అంతేనని వదిలిపెట్టే సమాజంలో, ముప్పయ్యో యేట కూడా పలక పట్టవచ్చునని సర్కారు ఒప్పుకోవడం చిన్న మార్పు కాదు.

అదే 1958 మే నెలలో స్త్రీ విద్యపై జాతీయ సంఘం ఏర్పడింది. అధ్యక్షురాలు దుర్గాబాయి. 1959 జనవరిలో నివేదిక ఇచ్చారు. స్త్రీల చదువును మామూలు విద్యలో ఒక భాగంగా చూస్తే అది ఎప్పటికీ వెనుకబడే ఉంటుందని, కొన్నేళ్లపాటు దానిని ప్రత్యేక సమస్యగా ఎంచి, ప్రత్యేకంగా నిధులు కేటాయించాలని, దానికొక యంత్రాంగం ఉండాలని ఆ నివేదిక సారాంశం. పల్లెల్లో పనిచేసే ఉపాధ్యాయినులకు నివాసగృహాలు కట్టించాలన్న సిఫారసు కూడా అందులో ఉన్నది. పైకి చిన్నదిగా కనిపించే ఈ సిఫారసులో ఆమె లోకజ్ఞానమంతా ఉన్నది. పంతులమ్మ ఊళ్లో రాత్రి నిలవగలిగితేనే పొద్దున బడి తెరుచుకుంటుంది. నివేదిక ఫలితంగా 1959లోనే జాతీయ స్త్రీ విద్యా మండలి ఏర్పడింది. దానికీ ఆమెయే మొదటి అధ్యక్షురాలు.

ఇంత జరిగినా 1961 లెక్కల నాటికి అక్షరాస్యులైన స్త్రీలు నూటికి 15.35 మందికే చేరారు. 45వ అధికరణం చెప్పిన పదేళ్ల గడువు నిశ్శబ్దంగా దాటిపోయింది. బోర్డు చట్టం ద్వారా పుట్టినది కాదు, ప్రభుత్వ తీర్మానం ద్వారా పుట్టినది. దాని పద్దు ప్రతి ప్రణాళికలోనూ మళ్లీ అడిగి తెచ్చుకోవలసిందే. అడిగేవారు గట్టివారైనంత కాలం సొమ్ము వచ్చింది.

మన సరిహద్దు జిల్లాలవారు తెలుసుకోదగిన విషయమొకటి ఈ కాలానిదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వేరుపడినప్పుడు మదరాసు నగరం అటు పోయింది. ఆంధ్ర పేరు పెట్టుకున్న మహిళా సభ మాత్రం మదరాసులోనే నిలిచి, అరవవారు, తెలుగువారు అన్న భేదం లేకుండా తన బడులు, ఆసుపత్రి నడుపుకుంటూ వచ్చింది. తరువాత హైదరాబాదులో దాని శాఖ పెరిగింది. భాషా రాష్ట్రాలు ఏర్పడిన 1956లోనే రాజ్యాంగంలో 350-ఏ అధికరణం చేరింది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరిగే వసతి కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని దాని భావం. హోసూరు, బళ్లారి, పర్లాకిమిడి వైపు తెలుగు బడి కావాలని అడిగే ప్రతి అర్జీ వెనుకా నిలిచేది ఈ అధికరణమే. ఇక్కడ కూడా మాట పిల్లలవరకే.

1962లో దుర్గాబాయి ఢిల్లీలో సాంఘికాభివృద్ధి మండలిని స్థాపించారు. ఊరికే సేవ చేస్తే చాలదు, చేసినదాని ఫలితం కొలవాలి అన్నది ఆ సంస్థ ధోరణి. దాని పనుల్లో మన ప్రాంతానికి దగ్గరిది 1970వ దశకంలో మహబూబ్‌నగర్ జిల్లాలో జరిగిన ప్రయోగం. పసిపిల్లల బాగు కోసం పల్లె తల్లులకు ఏ రకమైన చదువు చెప్పాలన్నది ప్రశ్న. కొన్ని గ్రామాల్లో తల్లులకు అక్షరాస్యత తరగతులు పెట్టారు. కొన్నింటిలో తల్లీబిడ్డల కేంద్రాలు తెరిచి పోషణ, టీకాలు, శుభ్రత గురించి చెప్పారు. మరికొన్నింటిలో రెండూ కలిపి నడిపారు. పిల్లకు పాలు మాన్పించే వేళ ఏమి పెట్టాలో తెలియడానికి తల్లికి అక్షరాలు ముందు కావాలా, మాట ముందు కావాలా అని పొలం గట్ల మధ్య నిజంగా పరీక్షించిన ప్రయత్నం అది. ఢిల్లీలో కూర్చుని వాదించుకునేవారికి అటువంటి ఓపిక అరుదు.

సుమారుగా అదే సమయంలో ప్రభుత్వం కూడా ఆ దారికి వచ్చింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం, అంటే నేటి అంగన్‌వాడీలకు మూలమైన పథకం, మొదలైంది. 1975-76లో ఆ క్షేత్రాల్లోనే వయోజన స్త్రీలకు ప్రయోజనాత్మక అక్షరాస్యతా తరగతులు జోడించారు. బిడ్డ బాలవాడిలో, తల్లి పక్క అరుగు మీద. 1954 నాటి విస్తరణ పథకం గుర్తున్నవారికి ఇది కొత్తగా అనిపించి ఉండదు. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం పదిహేను నుంచి ముప్పయ్ అయిదేళ్ల లోపు పది కోట్ల మందికి చదువు చెప్పాలన్న లక్ష్యంతో వచ్చింది. ఆ లక్ష్యం చేరకుండానే ప్రభుత్వాలు మారాయి, పద్దులు మారాయి.

హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభ ఆధ్వర్యంలోని అక్షరాస్యతా భవనం, అంటే లిటరసీ హౌస్, కొత్తగా చదవనేర్చినవారికి వాచకాలు తయారుచేయడం, వయోజన విద్యా కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడం పనిగా పెట్టుకున్నది. అక్షరాస్యతకు చేసిన సేవకు 1971లో దుర్గాబాయికి నెహ్రూ సాక్షరతా పురస్కారం లభించింది. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది.

ఆమె మరొక కోరిక కూడా చట్టంగానే తీరవలసినది. 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసి, భార్యాభర్తల తగవులు మామూలు కోర్టుల్లో యేళ్ల తరబడి నలగకుండా మన దేశంలోనూ అటువంటివి కావాలని ఆమె నెహ్రూకు, న్యాయమూర్తులకు విన్నవించుకున్నారు. వెంటనే కాలేదు. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది. మరుసటి యేడే 1982 అక్టోబరు 2న వెళ్లిపోయిన చింతామణ్ దేశ్‌ముఖ్ కూడా దానిని చూడలేదు.

విద్య చట్టమవడానికి ఇంకా ఆలస్యమైంది. 2002లో 86వ సవరణతో ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల చదువు ప్రాథమిక హక్కు అయింది. ఆ సవరణే బిడ్డను బడికి పంపడం తల్లిదండ్రుల ప్రాథమిక కర్తవ్యమని 51-ఏ అధికరణంలో చేర్చింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. కర్తవ్యం తల్లికి చట్టం ద్వారా వచ్చింది గాని, ఆ తల్లి చదువు మాత్రం హక్కుగా రాలేదు. అది అప్పటివలెనే పథకాల పద్దులో ఉన్నది.

మదరాసులో రాజా అన్నామలైపురం మీదుగా పోయే రోడ్డొకటి ఆమె పేరుతో ఉన్నది. ఆంధ్ర మహిళా సభ ఆసుపత్రి అడయారులో ఆమె పేరే పెట్టుకుని నడుస్తున్నది.